పరిసర గంటలు

నవంబరు పద్నాలుగో తేదీ సాయంత్రం ఐదు గంటలకు నగరపాలక సంస్థ వారు కాలవగట్టు పేటకు చెందిన ముప్పై మంది పిల్లలను బస్సు ఎక్కించి, శ్వేతవిహార్ పార్కులో దించి, బెంచీల మీద కూర్చోబెట్టారు. ఆరు గంటలకు మళ్ళీ బస్సు ఎక్కించి ఇళ్ళకు పంపారు. ఆ గంటసేపు పిల్లలు ఏమీ చేయలేదు. ఏమీ చేయకుండా కూర్చోవడమే పథకం.

పేటకూ శ్వేతవిహార్‌కూ మధ్య ఒక గోడ ఉంది. గోడకు వెనక గేటు ఉంది. పేట ఆడవాళ్ళు రోజూ ఆ గేటులోంచే విల్లాల్లో పనికి వెళతారు. నడిస్తే ఐదు నిమిషాలు. అయితే పథకం లబ్ధిదారులు ప్రధాన ద్వారం గుండానే ప్రవేశించాలని ఉత్తర్వులో ఉంది. ప్రధాన ద్వారం అవతలి పక్క ఉంది. కనుక బస్సు కాలవ వంతెన దాటి, బైపాస్ ఎక్కి, ఫ్లైఓవర్ దిగి, గోడ అవతలికి చేరింది. దారిలో ఇద్దరు పిల్లలకు వాంతులయ్యాయి. పథకం పేరు ‘పరిసర భాగ్యం’.

దీనికి మూలం నేను.

మా పత్రికలో ఒక ఆచారం ఉంది. మేం ఏదైనా రాస్తే, దాని మీద అధికారులు ఏదైనా చేస్తే, మర్నాడు పత్రిక పేరు పక్కన ‘ఎఫెక్ట్’ అని పెట్టి బాక్సు వేస్తాం. వాళ్ళు చేసింది మంచా చెడా అన్నది బాక్సులో ఉండదు. చేశారన్నది ఉంటుంది. నా సర్వీసులో చాలా ఎఫెక్ట్‌లు ఉన్నాయి. బస్టాండు ఎదుట గుంత గురించి రాశాను. గుంత పక్కన ‘ఇచ్చట గుంత కలదు’ అని బోర్డు పెట్టారు. మార్కెట్లోకి కుక్కలు వస్తున్నాయని రాశాను. ‘కుక్కలు ప్రవేశించరాదు’ అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయించారు. ఆ కత్తిరింపులన్నీ లామినేషన్ చేయించి ముందు గదిలో గోడకు పెట్టుకున్నాను. మా ఆవిడ ఆ గోడ వైపు పీట వేసుకుని కూర్చోదు.

అక్టోబరులో ఒక విశ్వవిద్యాలయం నుంచి నివేదిక ఒకటి నా చేతికి వచ్చింది. పిల్లవాడు ఏ పేటలో పెరిగాడన్న దాన్ని బట్టి అతని చదువు, ఉద్యోగం, ఆయుర్దాయం చాలావరకు తేలిపోతున్నాయని అందులో ఉంది. నేను మొదటి నాలుగు పేజీలు, ఆఖరి పేజీ చదివాను. ఏం చేయాలో మధ్య పేజీల్లో ఉందని తర్వాత తెలిసింది. ‘పేటే తలరాత’ అని శీర్షిక పెట్టి, ఒకవైపు కాలవగట్టు పేట ఫొటో, మరోవైపు శ్వేతవిహార్ ఫొటో వేసి వార్త ఇచ్చాను.

వార్త వచ్చిన రోజునే కమిషనర్ గారు పిలిపించారు. టేబులు మీద మా పత్రిక ఉంది. నా శీర్షిక కింద ఎర్ర సిరాతో గీత ఉంది.

“నివేదిక సారాంశం నాకు అవగతమైన మేరకు ఇది,” అన్నారాయన. “లోపం పిల్లల్లో లేదు. పరిసరాల్లో ఉంది. పరిసరాలను మార్చుటకు కేటాయింపులు లేవు. కావున పిల్లలనే పరిసరాల వద్దకు తరలించుట ఆచరణ సాధ్యం. మన వద్ద బస్సు ఒకటి ఖాళీగా ఉంది.”

పేట బడిలో రెండేళ్ళుగా లెక్కల టీచరు లేరు, ఒకరిని వేస్తే సరిపోదా అని అడగాలని నాకు అనిపించింది. కానీ అప్పటికే బాక్సు నా కళ్ళ ముందు కనబడుతోంది. అడగలేదు.

శ్వేతవిహార్ నివాసుల సంఘం కార్యదర్శి వెంకటప్పారావు గారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఒప్పందం కుదిరిన సమావేశానికి పర్యవేక్షక సభ్యుడి హోదాలో నేనూ వెళ్ళాను. ఆ హోదా ఆ రోజు ఉదయమే నాకిచ్చారు. దానితోపాటు ఒక ఫైలూ, జీడిపప్పు పాకం ఉన్న డబ్బా కూడా ఇచ్చారు. ఫైలు ఖాళీగా ఉంది.

వెంకటప్పారావు గారు సూటిగా విషయానికి వచ్చారు.

“నీరు పల్లమెరుగు. మా పరిసరం మీ పిల్లల్లోకి పారితే మాకు అభ్యంతరం లేదు. కానీ అక్కణ్ణించి మా పిల్లల్లోకి ఎదురు పారితే ఎవరిదండీ బాధ్యత? తూముకు తలుపు పెట్టకుండా కాలవ వదిలితే ఏమవుతుందో సర్వీసంతా చూసినవాణ్ణి నేను.”

ఆయన వాదనలో తప్పు పట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. పరిసరాల ప్రభావం ఉందని నివేదికే చెబుతోంది. ఉంటే అది రెండు వైపులా ఉండాలి. కనుక ‘ఏకముఖ ప్రభావ విధానం’ అమల్లోకి వచ్చింది. ఐదు నుంచి ఆరు వరకు శ్వేతవిహార్ పిల్లలు ఇళ్ళలోనే ఉండాలి. పేట పిల్లలు బెంచీలు దిగకూడదు. ఊయల ఎక్కకూడదు, చూడవచ్చు. పథకం పిల్లలకు మెడలో ఆకుపచ్చ పట్టీ కార్డు ఉండాలి. పనివాళ్ళకు ఎప్పటి నుంచో నీలం పట్టీ కార్డులున్నాయి. ఈ రెండు రంగులు కలవకూడదు.

పథకం నడపడానికి పరిసర సంయోజనాధికారి అని కొత్తగా ఒక పోస్టు సృష్టించి నిరంజన్ బాబు అనే ఆయన్ను వేశారు. మెలకువగా బెంచీ మీద కూర్చున్న ఒక గంటను ఒక పరిసర గంటగా పరిగణించాలని ఆయన నిర్ణయించారు. నిద్రపోయిన పిల్లల గంట చెల్లదు.

మార్తమ్మ కూతురు షారోన్ మొదటి రోజు బస్సులో లేదు. ఆ సమయానికి ఆ పిల్ల శ్వేతవిహార్‌లోనే ఉంది.

మార్తమ్మ పద్నాలుగో నంబరు విల్లాలో అంట్లు తోముతుంది. భర్త లేడు. పిల్లను పేటలో ఒంటరిగా వదలలేక ఒకటో తరగతి నుంచి వెంట తెచ్చుకునేది. వంటింటి వెనక, అంట్లు తోమేచోట బక్కెట్టు బోర్లించి కూర్చోబెట్టేది. ఆ ఇంటి కుర్రాడు విహాన్‌ది కూడా షారోన్ వయసే. అతను హోంవర్కు పట్టుకుని అక్కడికే వచ్చి కూర్చునేవాడు. ఇంట్లో తన గది ఉంది, గదిలో బల్ల ఉంది. కానీ మాట్లాడేవాళ్ళు ఇక్కడే ఉన్నారు. ఆ పిల్లకు లెక్కలు వచ్చు. అతనికి ఇంగ్లీషు వచ్చు. నాలుగేళ్ళలో ఒకరిది ఒకరికి కొంత అంటుకుంది. ఇంటి యజమానురాలు హైమవతి గారికి ఈ సంగతి తెలుసు. ఇద్దరికీ పాలు ఇచ్చేవారు. విహాన్‌కు కప్పులో, షారోన్‌కు స్టీలు గ్లాసులో.

అప్పటికి షారోన్ ఐదో తరగతి. ఆరో తరగతికి మున్సిపల్ ఆదర్శ పాఠశాలలో సీటు కావాలని ఆ పిల్ల కోరిక. ఆ బడిలో ప్రతి సబ్జెక్టుకూ ఒక టీచరు ఉన్నారు. ఊళ్ళో అలాంటి సర్కారు బడి అదొక్కటే. సీట్లు పన్నెండు. ప్రవేశ పరీక్ష ఉండేది. విహాన్ పాత పుస్తకాలతో షారోన్ ఆ పరీక్షకు చదువుతోంది.

డిసెంబరు మొదటి వారంలో కమిషనర్ గారు విలేకరుల సమావేశం పెట్టారు. పథకం విజయవంతమైందని చెప్పారు. విలేకరిగా ఒక ప్రశ్న అడగడం నా ధర్మం కనుక లేచాను.

“ఈ గంటలు పోగేసుకుని పిల్లలు ఏం చేసుకోవాలండీ?”

ఆయన పైకప్పు వంక చూశారు. పక్కనున్న నిరంజన్ బాబు వంక చూశారు. తర్వాత, ఆదర్శ పాఠశాల సీట్లను ఇకపై పరిసర గంటల ప్రాతిపదికన కేటాయిస్తామని ప్రకటించారు. మర్నాటికి ఉత్తర్వు వచ్చింది. ప్రవేశ పరీక్ష రద్దయింది. పరీక్ష పెట్టడం వల్ల పరిసరాల ప్రాధాన్యం మరుగున పడుతోందని అందులో కారణం రాశారు.

మా పత్రికలో బాక్సు వచ్చింది. నా పేరుతో వచ్చింది.

రెండు రోజుల తర్వాత మార్తమ్మ వెనక గేటు దగ్గర నన్ను ఆపింది. కూతురు పక్కనే ఉంది.

“మా పిల్ల నాలుగేళ్ళ బట్టీ ఈ కాలనీలోనే పెరుగుతంది గదండీ. అయ్యి లెక్కలోకి రావా?”

వస్తాయనే నాకూ అనిపించింది. వెంటనే నిరంజన్ బాబుకు ఫోను చేశాను. మూడు కారణాల వల్ల రావని ఆయన వివరించారు. సదరు బాలిక ప్రవేశించినది వెనక గేటు. కూర్చున్నది అంట్లు తోమేచోట, అది గృహాంతర్భాగం, పరిసరం కాదు. పైగా ఆమె అక్కడ చదువుకుంటోంది. చదువు వల్ల కలిగిన ప్రయోజనాన్ని పరిసరాల ఖాతాలో వేస్తే పథకం విశ్వసనీయత దెబ్బతింటుంది.

నేను ఫోను పెట్టేసి మార్తమ్మకు చెప్పాను.

“అయితే బస్సెక్కాలా?” అంది.

“ఎక్కాలి.”

“ఇక్కడున్న పిల్లని ఇంటికి తీసుకెళ్ళి, బస్సెక్కించి, మళ్ళీ ఇక్కడికే పంపాలి.”

“అవును.”

మార్తమ్మ నవ్వలేదు. షారోన్ నవ్వింది.

షారోన్ బస్సు ఎక్కిన రోజు నేను ప్రధాన ద్వారం దగ్గర ఉన్నాను. అక్కడి సాయంత్రం కాపలా ఏసోబుది. మార్తమ్మకు తమ్ముడు, షారోన్‌కు మేనమామ. పిల్లలు వరసలో వచ్చారు.

“పేరు?” అన్నాడు ఏసోబు.

“నీకు తెలీదేంటి మావయ్యా.”

“తెలిస్తే వదలకూడదంట. చెబితేనే వదలాలంట.”

“షారోన్.”

“ఎవరమ్మాయివి?”

“మీ అక్క కూతుర్ని.”

“మా అక్కకి బస్సుల్లో తిరిగే కూతుళ్ళు లేరే,” అని కార్డు చూసి లోపలికి పంపాడు. వెనకున్న పిల్లలు నవ్వారు. గేటు దగ్గర నవ్వరాదని నిబంధన ఏదీ లేకపోవడాన్ని నిరంజన్ బాబు గమనించి, మర్నాడు చేర్చారు.

జనవరిలో పథకం ఫలితాలను మదింపు చేశారు. బెంచీల దగ్గరికి వెళ్ళి, పెద్దయ్యాక ఏమవుతావని ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్నారు. పథకం మొదట్లో ఇదే ప్రశ్నకు పిల్లలు డాక్టరు, పోలీసు, క్రికెటరు అని చెప్పారట. ఇప్పుడు ఒకడు డ్రైవరునవుతానన్నాడు. ఒకడు తోటమాలినవుతానన్నాడు. ఒక పిల్ల పిల్లల బండి తోసే ఆయానవుతానంది. ఒకడు కుక్కలను నడకకు తీసుకెళ్ళేవాణ్ణవుతానన్నాడు. చేతిలో గొలుసు ఉంటే ఎవరూ ఆపి పేరు అడగరని కారణం చెప్పాడు.

శ్వేతవిహార్‌లో సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకు బయట కనిపించే మనుషులు వాళ్ళే. నివాసులు కార్లలో వస్తారు, కార్లలో వెళతారు. వాళ్ళ పిల్లలకు ఆ గంటలో ట్యూషనుంటుంది, లేకపోతే నిబంధన ఉంటుంది. మిగిలింది పనివాళ్ళు. వాళ్ళందరూ కాలవగట్టు పేట వాళ్ళు. అంటే నగరపాలక సంస్థ రోజూ ముప్పై మంది పిల్లలను బస్సులో చుట్టూ తిప్పి, వాళ్ళ అమ్మల్నీ నాన్నల్నీ మావయ్యల్నీ చూపించి తీసుకొస్తోంది.

ఈ మాట నిరంజన్ బాబుతో అన్నాను. ఆయన కాగితం నా వైపు తిప్పారు.

“గవర్రాజు గారూ, తమరు ఫలితాన్ని సరిగా చదవడం లేదు. పూర్వం పిల్లల ఆకాంక్షలు పరిసరాలతో సంబంధం లేకుండా ఉండేవి. ఇప్పుడు నూటికి నూరు శాతం పరిసరాల ప్రభావానికి లోనయ్యాయి. దీన్ని మించిన విజయం ఏం కావాలి?”

వార్తలో ‘నూటికి నూరు శాతం’ అన్నంతవరకు రాశాను. స్థలం చాలలేదు.

షారోన్‌ను ఏమవుతావని అడిగితే, ఆదర్శ పాఠశాలలో ఆరో తరగతి అంది. అది వృత్తి కాదని ఆ జవాబును తీసేశారు.

ఫిబ్రవరిలో తూము కారింది. ఆ మాట వెంకటప్పారావు గారిది.

షారోన్ కూర్చునే బెంచీకి పద్నాలుగో నంబరు విల్లా మేడ మీది కిటికీ ఎదురుగా ఉంది. విహాన్ అక్కడికి వచ్చి పలక మీద లెక్క రాసి చూపించేవాడు. ఈ పిల్ల వేళ్ళతో జవాబు చెప్పేది. పది దాటితే పదులకు పిడికిలి, ఒకట్లకు వేళ్ళు. అతను జవాబు తప్పు రాసుకుంటే తల అడ్డంగా ఊపేది. పక్కనున్న పిల్లలూ ఊపేవాళ్ళు. కొన్నాళ్ళకు ముప్పై మందీ పిడికిళ్ళెత్తి జవాబులు చెప్పడం మొదలుపెట్టారు. ఆ గంటలో ఎవరూ నిద్రపోవడం లేదని నిరంజన్ బాబు సంతోషించి నివేదిక కూడా పంపారు.

పన్నెండో నంబరు విల్లా ఆయన ఇదంతా మేడ మీది నుంచి చూసి, పేట పిల్లలు పిడికిళ్ళు ఎత్తుతున్నారని సంఘానికి ఫిర్యాదు చేశారు. విచారణ జరిగింది. పిడికిలి అంటే పది అని తేలింది. దాంతో ఊరట చెందాల్సిన వెంకటప్పారావు గారు ఇంకా ఆందోళన చెందారు.

“అంటే ప్రభావం బెంచీ నుంచి విల్లాకి పోతోందన్నమాట. ఎదురు పారుతోందండీ. ఏది పారకూడదని మొదటి రోజున చెప్పానో అదే పారుతోంది.”

“పారింది లెక్కలే కదండీ,” అన్నాను.

“ఇవాళ లెక్కలు,” అన్నారాయన.

బెంచీలను పీకి అటు తిప్పి బిగించారు. ఇప్పుడు పిల్లలు విల్లాలకు వీపు పెట్టి, గోడకు ఎదురుగా కూర్చున్నారు. ఆ గోడ అవతల వాళ్ళ పేట ఉంది. కొంతమంది పిల్లలకు తమ ఇంటి మీద ఆరేసిన బట్టలు కనిపించేవి. వాన వచ్చేలా ఉంటే ఒక పిల్ల అక్కణ్ణించే బట్టలు తియ్యమని నాయనమ్మకు కేక వేసింది. ఆమె తీసింది. బెంచీ ఏ దిక్కుకు ఉండాలన్నది ఉత్తర్వులో లేదు కనుక గంటలు చెల్లుతాయని నిరంజన్ బాబు స్పష్టం చేశారు.

విహాన్‌కు లెక్కల్లో మార్కులు తగ్గాయి. సంఘం దీన్ని నగరపాలక సంస్థ దృష్టికి తెచ్చింది. పరిసరాల ప్రభావం నిజమేనని ఇది రుజువు చేస్తోందని నగరపాలక సంస్థ జవాబిచ్చింది.

ఇక ఊరుకోకూడదనుకున్నాను. బెంచీలు తిప్పిన సంగతి రాశాను. పిల్లలు గోడ చూస్తూ కూర్చుంటున్నారని, గోడ మీద ఏమీ లేదని రాశాను. మూడో రోజుకు ఎఫెక్ట్ వచ్చింది. గోడ మీద పెయింటరు చేత శ్వేతవిహార్ బొమ్మ వేయించారు. విల్లాలు, పచ్చిక, ఫౌంటెన్, ఊయల. ఊయల మీద ఇద్దరు పిల్లలు.

ఇది చూసి ఆర్థిక విభాగంలో ఎవరో ఒక ప్రశ్న లేవదీశారు. పిల్లలు చూస్తున్నది గోడ మీది బొమ్మ అయినప్పుడు, గోడకు అవతలి వైపు కూడా అదే బొమ్మ వేయిస్తే బస్సు అవసరమేముంది? మార్చి నుంచి బస్సు ఆగిపోయింది. బెంచీలను పీకి పేట వైపు వేశారు. ముప్పై మంది పిల్లలు సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకు తమ పేటలోనే, మురుగుకాలవ పక్కన, గోడకు ఎదురుగా కూర్చుని పరిసర గంటలు పూర్తిచేశారు. వాంతులు తగ్గాయని నివేదికలో రాశారు.

బస్సు ఆగితే షారోన్ మళ్ళీ తల్లి వెంట వెళ్ళవచ్చనుకున్నాను. కుదరదన్నారు. సంఘం ఈలోగా వెనక గేటు నిబంధనలు మార్చింది. పనివాళ్ళ వెంట పిల్లలు రాకూడదు. నీలం కార్డు ఉన్నవాళ్ళకే ప్రవేశం.

షారోన్ బెంచీ మీద ఒక్క రోజు కూడా మానలేదు. జ్వరం వచ్చిన రోజు దుప్పటి కప్పుకుని కూర్చుంది. మార్తమ్మ పని ముగించి వచ్చేసరికి ఆరు దాటేది. బెంచీ దగ్గరికి వచ్చి పిల్లను తీసుకెళ్ళేది.

“ఏం చూశావే ఇయ్యాళ?” అని అడిగేది.

“నువ్వు పనిచేసే ఇల్లు,” అనేది షారోన్. “కిటికీ వెయ్యడం మర్చిపోయారు.”

మే నెలలో సీట్ల జాబితా ప్రకటించారు. పరిసర గంటలు ఎక్కువ ఉన్నవారితో మొదలుపెట్టి కంప్యూటరు చేత తీయించారు. శ్వేతవిహార్‌లో ఐదో తరగతి పూర్తిచేసిన పిల్లలు పన్నెండు మంది ఉన్నారు. వాళ్ళు పుట్టినప్పటి నుంచి రాత్రింబగళ్ళు శ్వేతవిహార్‌లోనే ఉంటున్నారు. పన్నెండు సీట్లూ వాళ్ళకు వచ్చాయి. వాళ్ళెవరూ దరఖాస్తు చేయలేదు. అర్హత ఉన్నవారిని దరఖాస్తు లేదన్న కారణంతో వదిలేయడం సామాజిక అన్యాయమవుతుందని నిరంజన్ బాబు అన్నారు.

వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు షారోన్‌ది. ఆమె కంటే ముందు బస్సెక్కినవాళ్ళకు నిద్రపోయిన గంటలు, మానేసిన గంటలు పోయాయి.

ఒక్కరు వద్దని రాసిచ్చినా చాలు, సీటు షారోన్‌కు వస్తుంది. నేను పత్రికలో పేరున్న మనిషిని. మాట సాయం చేయాలనుకున్నాను. మార్తమ్మను వెంటబెట్టుకుని పద్నాలుగో నంబరు విల్లాకు వెళ్ళాను. నేను ముందు నుంచి వెళ్ళాను. మార్తమ్మ వెనక నుంచి వచ్చింది. హాల్లో కలుసుకున్నాం.

హైమవతి గారు కాదనలేదు. విహాన్‌కు వేరే బడిలో సీటు ఎప్పుడో తీసుకున్నామని, ఈ బడి ఎక్కడుందో కూడా తనకు తెలియదని చెప్పారు. పెన్ను తెమ్మని కొడుకును పంపారు. పెన్ను వచ్చేలోగా వెంకటప్పారావు గారికి ఒక మాట చెబుతానని ఫోను చేశారు. ఆయన స్వయంగా వచ్చారు.

ఆయన చేతిలో రంగుల కరపత్రం ఉంది. శ్వేతవిహార్ రెండో దశ విల్లాల ప్రకటన అది. మొదటి పేజీలో ‘ప్రభుత్వ ధ్రువీకృత పరిసరాలు’ అని అచ్చయి ఉంది.

“హైమవతమ్మా, నువ్వు ఇచ్చేది ఒక సీటు అనుకుంటున్నావు. కాదు. మన పరిసరానికి సర్కారు ఇచ్చిన మొట్టమొదటి గుర్తింపు ఆ జాబితా. పన్నెండుకి పన్నెండూ మనవే. అందులో ఒకటి వద్దని రాసిస్తే, మన పరిసరం అక్కర్లేదని మనమే రాసిచ్చినట్టు. రేపు రెండో దశ ఎవరు కొంటారు?”

“చేరకపోతే ఆ సీటు ఖాళీగానే ఉంటుంది కదండీ,” అన్నాను.

“ఉండనివ్వండి. తెరవని తూము చెడిపోదు,” అన్నారాయన.

విహాన్ పెన్ను తెచ్చాడు. హైమవతి గారు దాన్ని తీసుకుని బల్ల మీద పెట్టారు.

“ఏం అనుకోకు మార్తమ్మా. సంఘం మాట కాదంటే ఇక్కడ ఉండలేం,” అన్నారు.

“అనుకోడానికేముందమ్మా,” అంది మార్తమ్మ. సింకులో పొద్దుటి అంట్లు ఉన్నాయి. తోమడానికి లోపలికి వెళ్ళింది.

ఆమె బయటికి వచ్చేదాకా వెనక గేటు దగ్గర నిలబడ్డాను. ఈ అన్యాయం మొత్తం మొదటి పేజీలో రాస్తానని చెప్పాను. సీట్లు ఖాళీ పెట్టడం గురించి, కరపత్రం గురించి, వెనక్కి తిప్పిన బెంచీల గురించి. కమిషనర్ గారు తప్పక స్పందిస్తారని చెప్పాను.

మార్తమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది.

“మీకు దణ్ణం పెడతాను బాబూ. ఇంకోటి రాయకండి,” అంది. “పరీచ్చ ఉన్నప్పుడు దానికి ఆశుండేది. మీరు రాశాక బస్సొచ్చింది. మళ్ళీ రాశాక గోడకి బొమ్మొచ్చింది. మీరు రాసిందల్లా వస్తంది. అదే మా బయం.”

బస్సు ఆగాక ఏసోబును ఈ గేటుకు మార్చారు. అతను అటు తిరిగి నిలబడ్డాడు.

నా సర్వీసులో నా రాతలకు ఉన్న శక్తి గురించి అంత నమ్మకంగా మాట్లాడిన పాఠకురాలు మరొకరు లేరు. ఆ మాటను లామినేషన్ చేయించడానికి వీలుపడదు. ఆ వార్త నేను రాయలేదు. పథకం తొలి విద్యా సంవత్సరపు విజయాల మీద ప్రత్యేక పేజీ ఇవ్వమని ఆఫీసు నుంచి చెప్పారు. అది రాశాను.

జూన్ పన్నెండో తేదీ ఉదయం బడులు తెరిచారు. ఆదర్శ పాఠశాల ఆరో తరగతిలో పరిసర భాగ్యం కింద పన్నెండు కుర్చీలకు పన్నెండు పేర్లు అంటించారు. క్లాసు టీచరు ఆ పేర్లు పిలిచారు. ఎవరూ పలకలేదు. గైర్హాజరు వేశారు. ఎంపికైనవారు చేరకపోయినా, వద్దని రాసివ్వనంతకాలం విద్యా సంవత్సరం చివరిదాకా సీట్లు వారివేనని కార్యాలయంలో చెప్పారు.

షారోన్ కాలవ అవతలి హైస్కూల్లో ఆరో తరగతిలో చేరింది. ఆ తరగతిలో తొంభై మంది ఉన్నారు. లెక్కలకు టీచరు లేరు.

విహాన్‌కు ఇంటికి వచ్చి లెక్కలు చెప్పేందుకు వేసవిలో ఇద్దరు ట్యూషన్ మాస్టర్లను మార్చారు. తనకు షారోనే కావాలని ఆ కుర్రాడు అన్నం మానేశాడు. నీలం కార్డు ఉంటే ఎవరైనా రావచ్చని సంఘం చెప్పింది. హైమవతి గారు కార్డుకు దరఖాస్తు పెట్టారు. ఏం పని అన్న చోట ‘లెక్కలు’ అని రాశారు. అలాంటి పని తమ కంప్యూటర్లో లేదని సంఘం ఆఫీసులో చెప్పారు. వంట, అంట్లు, తోట, డ్రైవరు, ఆయా ఉన్నాయి.

బడులు తెరిచిన రోజు సాయంత్రం ఐదు గంటలకు షారోన్ తల్లి వెంట వెనక గేటులోంచి లోపలికి వెళ్ళింది. మెడలో నీలం పట్టీ ఉంది. ఏసోబు పేరు అడగలేదు. కార్డు మీద పేరు, విల్లా నంబరు ఉన్నాయి. పని అన్న చోట ‘ఇతరములు’ అని ఉంది.